దేవుడికి పెట్టకముందు తీసిన వాటా

ఆ నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల సంస్కారం వేళ, రొట్టె ముక్కల పళ్లెం మా అక్క ముందు ఆగలేదు. ఆడవాళ్ల వైపు రెండో వరసలో, కొంగు తలమీదికి లాక్కుని, అరచెయ్యి చాచి కూర్చుంది. పళ్లెం పట్టుకున్న సంఘ పెద్ద ఆమె పక్కావిడకిచ్చి, ఒక అడుగు జరిగి, అవతలావిడ దగ్గర ఆగారు. పెద్దలు ఆలోచించి చెబుతామన్న జవాబు అలా వచ్చింది. అక్క చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. తర్వాతి పాట ఎత్తుకోవాల్సింది ఆమే. ఎత్తుకుంది. శ్రుతి తప్పలేదు.

దీనంతటికీ కారణం ఒక కుడుము.

మేం పుట్టి పెరిగిన ఇల్లు నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్లే దారిలో ఉంది. నేను పత్రికల్లో పనిచేస్తూ ఊళ్లు తిరిగాను గానీ అక్క పెళ్లయ్యాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. గోడ అవతల చెరకు రైతుల కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలిని మేం పెద్దమ్మ అనేవాళ్లం. విగ్రహాలకు పెట్టింది మేం తినమని ఆమెకు తెలుసు. అందుకని పండగనాడు పొయ్యి మీంచి దించగానే, దేవుడి గదిలోకి పోకముందే, మా వాటా వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టి గోడ మీంచి అందించేది.

"బేగి తినండర్రా. మా దేవుడు ఇంకా సూడనేదు. మీ దేవుడు కోప్పడడు."

"మీ దేవుడికన్నా ముందు మాకే పెడతన్నావేటి వదినా?" అని మా నాన్న ఏడిపించేవాడు.

"ఆయన ఓపిక పడతాడు. నీ పిల్లలు పడతారేటి?"

ఆ గిన్నె వేడికి వేళ్లు కాలుతుంటే కొంగుతో పట్టుకుని అక్క లోపలికి పరిగెత్తడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. క్రిస్మస్‌కి మా అమ్మ పెద్దమ్మ కోసం గుడ్డు లేకుండా విడిగా కేకు చేసేది. అది ఎప్పుడూ గట్టిగానే వచ్చేది. పెద్దమ్మ దాన్ని టీలో నానబెట్టుకుని తిని, బాగుందనేది. మాకు మతాల మధ్య సామరస్యం అంటే ఏమిటో తెలీదు. ఆ మాట తర్వాత నేనే చాలా వార్తల్లో రాశాను. అప్పుడు మాకు తెలిసింది ఆ గోడ, ఆ గిన్నె.

అమ్మానాన్నలు పోయారు. పెద్దమ్మకు ఎనభై దాటింది, మతిమరుపు మొదలైంది. రెండేళ్ల కిందట వినాయక చవితికి ముందు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చేసింది. "ఇంకోసారి ఇలాటిది సేసినావంటే నిన్ను వంటింట్లోకి రానియ్యనమ్మా" అని కొడుకు గట్టిగా అరవడం అక్క విన్నది. అతను చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు. కానీ ఆ వంటిల్లు తప్ప పెద్దమ్మకు వేరే లోకం లేదు.

చవితినాడు పెద్దమ్మ తనే గిన్నె పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది, వెనకే కొడుకు. అక్క మూత తీసింది. కుడుము మీద కుంకుమ బొట్టు, అంటుకుని ఒక గరిక పోచ.

"అమ్మా, ఈలకి ముందే తీసినావా?" అన్నాడు కొడుకు వెనకనుంచి.

"తియ్యకుండా తెస్తానేట్రా? నాకు నువ్వు సెప్తావా?"

అక్క గరిక పోచను గుప్పిట్లో దాచి, అక్కడే నిలబడి కుడుము తినేసింది. "ఉప్పు సరిపోయింది పెద్దమ్మా" అంది. ప్రార్థన కూటం ఎవరింట్లో పెట్టాలో మాట్లాడ్డానికి వచ్చిన మా సంఘం ఆవిడ అరుగు మీద కూర్చుని ఇదంతా చూసింది.

పెద్దలు పిలిస్తే అక్కతో నేనూ వెళ్లాను. వాళ్లలో ఒకాయనకు అక్కంటే అభిమానం. "తెలియక తిన్నారు, అంతే కదమ్మా?" అని ఆయనే దారి చూపించారు.

"తెలిసే తిన్నానండి."

"అయితే ఆదివారం లేచి, పొరపాటైందని ఒక్క మాట చెప్పండి."

"పొరపాటు కాదు కదండీ. మళ్లీ అలాగే తెస్తే మళ్లీ తింటాను."

పాస్టరు అయ్యగారు వయసులో చిన్నవారు, కొత్తగా వచ్చారు. కుర్చీ ముందుకు జరుపుకుని అన్నారు: "మీరు ప్రేమతోనే చేశారమ్మా, నాకు తెలుసు. కానీ కొయ్యూరు వైపు కొండల్లోంచి వచ్చిన కుటుంబాలున్నాయి. పండగలో వాటా తినడానికి ఒప్పుకోనందుకు సొంతవాళ్లే వాళ్లని వెలేశారు. మేమిక్కడ ఎందుకు తినొచ్చని వాళ్లడిగితే నేనేం చెప్పను?"

"అదీ నిజమే అండి" అంది అక్క. పెద్దలు ఆలోచించి చెబుతామన్నారు. నియమం పట్టుకున్నవాడు మొండివాడై ఉంటే ఆమెకు తేలికయ్యేది.

అప్పటినుంచి ఆమెకు బల్ల లేదు. మొదటి ఆదివారాలు కూడా వెళుతుంది, పాట ఎత్తుకుంటుంది. ఆ బల్ల ఆమెకెంతో నాకు తెలుసు. మా బావ చనిపోయిన వారం కూడా దాన్ని మానలేదు. పెద్దమ్మకు ఇదేమీ తెలీదు, ఇంకా వంటింట్లోనే ఉంది. ఆ అయ్యగారు బదిలీ మీద వెళ్లారు. కొత్తాయన పైవాళ్లను అడుగుతానన్నారు.

కిందటి నెల ఆరాధన అయ్యాక, కొయ్యూరు వైపు కుటుంబాల్లోని ఒక కోడలు చెప్పులు వేసుకుంటున్న అక్క దగ్గరికొచ్చింది. మాట బయటికి పొక్కినట్టుంది.

"ఆంటీ, మాయమ్మ ముసిల్దయిపోయింది. ఇన్నేళ్లకి కబురెట్టింది, కొత్త పంట పండక్కి రమ్మని. ముద్ద పెడితే తినీనా?"

అయ్యగారిని అడుగమ్మా అనొచ్చు. అక్క అలా అనలేదు. తినమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆలోచించి చెబుతానంది.

పండగ ఇంకా రాలేదు. అక్క ఇంకా చెప్పలేదు.