ఊరూ, తండ్రి పేరూ

మాంట్రియల్ కాలేజీలో మాకు ప్రాచీన గ్రీసు చరిత్ర చెప్పిన మేడమ్‌కి అరవై దాటాయి. హాజరు పిలిస్తే పేరొక్కటే చాలదు, ఊరూ, తండ్రి పేరూ కూడా చెప్పమనేవారు. వేర్‌హౌస్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చే నాకు ఒళ్లు మండేది.

"రోజూ ఎందుకు మేడమ్ ఇదంతా?" అన్నానొకసారి.

"గ్రీకుల పాత యుద్ధకావ్యాల్లో, ఒక్క పద్యంలో కనబడి చచ్చిపోయే సిపాయిని కూడా కవి ఊరూ పేరూ లేకుండా పోనివ్వడు," అన్నారు, అలిసిన గొంతుతో.

వేర్‌హౌస్‌లో నేనొక బ్యాడ్జి నంబర్ని. మర్నాటి నుంచి "మాది జగిత్యాల, రాజయ్య కొడుకుని" అని గట్టిగా చెప్పేవాణ్ణి.

ఆఖరి క్లాసులో అడిగాను: "మీదే ఊరు మేడమ్?"

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు," అని, ముందు వాళ్ల నాన్న పేరు చెప్పారు.