సీటు కవరు కింద దాగిన బెల్టు

అక్కలూ, నేను ఆరో తరగతితో బడి మానేశాను, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

పొద్దున మా ఆయన మా పాత కారుకు కొత్త సీటు కవర్లు వేయించారు. తలుపు తీయగానే రెక్సిన్ వాసన. తెనాలిలో మా అబ్బా కొట్టు గుర్తొచ్చింది. నాన్నను మేం అబ్బా అనేవాళ్ళం. ఎండలో రెక్సిన్ సీటు కాళ్ళకు అంటుకుపోయేది, మీకూ గుర్తుందా?

అబ్బా కార్ల సీట్లు కుట్టేవారు. ఒకసారి బాపట్ల డాక్టరు గారి స్వీడన్ కారు వచ్చింది. పెట్టెలా ఉండేది. వెనక సీటుకూ బెల్టులుండటం అందులోనే మొదట చూశాను.

"అవి కవరు కింద తోసెయ్ భాయ్, వెనక ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు డ్రైవరు.

"ఈ బెల్టు మొదట తెచ్చింది ఈ కారు కంపెనీ వాళ్ళేనంట. మిగతా కంపెనీలనూ ఊరికే వాడుకోమన్నారంట. వాళ్ళు అందరికీ ఇచ్చిందాన్ని నేను కుట్టేసి దాచేస్తే ఎట్టా?" అన్నారు అబ్బా. కవరుకు చీలికలు కోసి, అంచులు మడిచి కుట్టారు.

నన్ను కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. మెల్లగా లాగితే వస్తోంది, గట్టిగా లాగితే బిగుసుకుంటోంది. దానికి ఎలా తెలుస్తుందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

మా కారు కొత్త కవరు కింద వెనక బెల్టులు కనబడలేదు. రేపు పాపతో రేపల్లె వెళ్ళాలి. మా ఆయనకు భయంభయంగా చెప్పాను.

"కొత్త కవరు కోస్తారా ఎవరైనా?" అని నవ్వి తన కొట్టుకు వెళ్ళిపోయారు.

కత్తెర తీసుకుని నేనే కోసి, అంచులు కుట్టాను. కుట్టు కాస్త వంకరే, బెల్టు మాత్రం పైకొచ్చింది.

అక్కలూ, చదివి ఇక్కడితో వదిలేయండి, మా ఆయన దాకా పోనివ్వకండి. ఆయన ఇంకా వెనక తలుపు తీయలేదు.