నల్లమల వంపు

రేపల్లెలో సోషల్ టీచరుగా చేరిన కొత్తలో ఒకరోజు తొమ్మిదో తరగతిలో పర్వతాల పాఠం చెబుతున్నాను. ఒక అమ్మాయి పటం దగ్గరికి వచ్చి నల్లమల మీద వేలు పెట్టింది.

“టీచర్, ఈ కొండలు నెలవంకలా ఉన్నాయి కదండి. ఇలాగే పుట్టాయా, తిన్నగా పుట్టి తర్వాత వంగాయా?”

కొండలు వంగుతాయా లేదా అన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు. కనుక్కుని చెబుతానన్నాను. పుస్తకాలు తిరగేశాను. ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది.

ఆదివారం తెనాలిలో రైలు మారి బాపట్ల వెళ్లాను. మా కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పిన మాస్టారు రిటైరై అక్కడే ఉంటున్నారు.

“రెండు రకాలూ ఉంటాయమ్మా,” అన్నారాయన. “రాయి ఏర్పడేటప్పుడు అందులోని ఇనుప రేణువులు దిక్సూచి ముల్లులా అప్పటి ఉత్తర దిక్కును పట్టి ఉంచుతాయి. కొండలు తర్వాత వంగితే ఆ దిక్కులూ వాటితోపాటే తిరుగుతాయి.”

“మరి నల్లమల సంగతేంటండి?”

“ఇదీ అని నేను చెప్పలేనమ్మా.”

వెళ్లేటప్పటికంటే తిరిగొచ్చేటప్పుడే నాకు ఎక్కువ అయోమయంగా ఉంది. ఉత్తరం రాతిలో ఉండటమేంటి, అది తిరగడమేంటి?

అన్నం ముందు దిగాలుగా కూర్చుంటే, దర్జీ పని చేసే మా అబ్బాజాన్ ఏమైందని అడిగారు. విని, చారల గుడ్డ తెచ్చారు. అందులోంచి ఒక ముక్కను జాకెట్టు మెడ ఆకారంలో వంపుగా కత్తిరించారు. ఇంకోదాన్ని తిన్నగా, చారలు అడ్డంగా వచ్చేలా కత్తిరించి, చేత్తో వంచారు.

“చూడు బేటీ. ఈ చారలే మీ మాస్టారు చెప్పిన దిక్కులనుకో. వంపుగా కోసినదాంట్లో చారలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. వంచినదాంట్లో విసనకర్రలా విచ్చుకున్నాయి.”

మర్నాడు ఆ రెండు ముక్కలూ క్లాసుకి తీసుకెళ్లి, అబ్బాజాన్ చెప్పినట్టే చూపించాను. నల్లమల ఏ రకమో నాకు తెలియదని కూడా చెప్పేశాను. ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాను. ఆ అమ్మాయి మాత్రం నా మొహం వైపు చూడనేలేదు. వంపుగా కోసిన ముక్కను తీసుకుని ఇంకాస్త వంచింది. చారలు కొద్దిగా విడిపోయాయి.

“కొంచెం వంపుతో పుట్టి, తర్వాత ఇంకొంచెం వంగి ఉంటే టీచర్?”

ఇది నేను ఎవరినీ అడగలేదు.

“అప్పుడు చారలు కొంచెమే తిరుగుతాయి అనుకుంటా,” అన్నాను.

“అయితే ఎంత వంగిందో కూడా చారల్ని బట్టి చెప్పొచ్చా అండి?”

చెప్పొచ్చనే అన్నాను. గంట కొట్టారు. ఆ జవాబు సరైనదో కాదో తెలియకుండానే స్టాఫ్‌రూముకి నడిచాను.