అత్తమ్మ తడిగుడ్డ

పొద్దున లేచి ఫోను చేతిలోకి తీసుకుంటే, నిన్నటిదాకా అడుగున ఉన్న ఫోటోల గుర్తు పైకెక్కి కూర్చుంది, కరెంటు బిల్లు కట్టే చోటు అసలే కనిపించడం లేదు, పైగా మీకోసం మరింత సులభం చేశామని ఒక సందేశం. ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్ రాసి బతికినదాన్ని, అదీ కంప్యూటర్ రానివాళ్లకు నేర్పే సాఫ్ట్‌వేర్, అయినా నాకు ముందు వచ్చిన ఆలోచన, నేనేం నొక్కి చెడగొట్టానో అని. మన ఈడువాళ్లకు ఈ భయం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. నాకు దాన్ని మొదట చూపించింది మా మేనత్త.

అప్పట్లో నేను అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తులో, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాల్సిన గదిలో పని చేసేదాన్ని. ఆదివారాలు అక్కడి పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాలే నాకు గురువులు. వాటిలో సగం పేజీలు ఉండేవి కావు, ఆ సగం నేనే ఊహించుకునేదాన్ని, ఆ ఊహల్లో కొన్ని ఇప్పటికీ ఏదో ఒక ఆఫీసులో నడుస్తున్నాయేమోనని నా అనుమానం. గర్వం మాత్రం పూర్తి పుస్తకాలు చదివినవాళ్లకంటే ఎక్కువే ఉండేది.

అత్తమ్మ నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. ఆ ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చి, వచ్చిన ఉత్తరాలన్నీ వాటిలోనే నమోదు చేయాలన్నప్పుడు, సిబ్బందికి నేర్పే సాఫ్ట్‌వేర్ రాసే పని మా గదికి వచ్చింది. నెలాఖరుకు పరీక్ష, అదీ మా సాఫ్ట్‌వేర్ మీదే. తప్పినవాళ్లను జిల్లాలకు పంపుతారని ఆఫీసంతా అనుకునేవారు. మామయ్యను వారం వారం దవాఖానకు తీసుకుపోవాల్సిన మనిషి, ఊరు వదిలి ఎక్కడికి పోతుంది? ఉద్యోగమే వదలాలి.

అందుకని అత్తమ్మ ఆ పాఠాన్ని చర్చిలో పాటలు నేర్చుకున్న పద్ధతిలోనే నేర్చుకుంది. కీర్తనలు రాసుకునే నోటుబుక్కు వెనక పేజీల్లో, ఏ కీ తరవాత ఏ కీ, ఎన్నిసార్లు కిందికి, ఎక్కడ ఆగాలి అని వరసగా రాసుకుని, అన్నం వడ్డించేముందు డైనింగ్ టేబుల్ మీద వేళ్లతో వాయించేది. పప్పు చల్లారిపోతోందని మామయ్య గొణిగేవారు. ఆమెకు తెరమీద అక్షరాలతో పని లేదు, వేళ్లకు దారి తెలుసు. మిషను ముందు కూర్చుని కళ్లు మూసుకుని ఒక చిన్న ప్రార్థన, ఆ తరవాత గబగబా పని. చూస్తుంటే నాకు ముచ్చటేసేది.

ఇక నా ఘనకార్యం చెబుతాను. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు చూసి చూసి విసుగొచ్చి, దాన్ని నీలంగా మార్చి, కింద ఉన్నవన్నీ పైకి తెచ్చి, కీలన్నీ కొత్తగా సర్ది, ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నాంపల్లి ఆఫీసుకు నడుచుకుంటూ వెళ్లి, మెట్లెక్కి, వాచ్‌మన్‌తో తాళం తీయించి, గది బయట చెప్పులు విప్పి, ఆ గదిలోని ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టి, కొత్తది వేసి వచ్చాను. సోమవారం పొద్దున అందరూ నన్ను మెచ్చుకుంటారని ఆదివారమంతా మురిసిపోయాను.

సోమవారం ఎవరూ ఏమీ అనలేదు. బుధవారం అమ్మ టీ ఇస్తూ, అత్తమ్మ ఉద్యోగానికి రాజీనామా రాసి ఇంగ్లీషు సరిచూడమని నాన్నకు పంపిందని చెప్పింది. కాగితం చూశాను. అనారోగ్యం కారణమని రాసింది. రాయిలాంటి మనిషి, జలుబు కూడా ఎరగదు.

మర్నాడు పని మానుకుని వెళ్లాను. అత్తమ్మ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, పక్కనున్న పాత టైపు మిషను ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ రాజీనామా ఎందుకని అడిగాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది, "గా శనివారం ఇంటికి పోయేముందు కీలను తడిగుడ్డతోని తుడిచిన, టైపు మిషను తుడిచినట్టే. సోమవారం వచ్చి చూస్తే తెర రంగే మారిపోయింది, ఏది నొక్కినా ఏదో వస్తున్నది. సర్కారు సామాను ఖరాబు చేసిన. వాళ్లు పట్టుకోకముందే నేనే పోతా."

నేను నవ్వి ఉంటే ఈ జన్మకు నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. అది నేనే మార్చిన అత్తమ్మా, అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "మార్చేటప్పుడు జర చెప్పొద్దా బిడ్డా? మూడు దినాల సంది నా పానం పానంల లేదు," అని కొంగుతో కళ్లు తుడుచుకుని, మరుక్షణమే ఇంతకీ తడిగుడ్డ వాడొచ్చా లేదా అని అడిగింది. పొడిగుడ్డ మంచిదన్నాను.

ఆ పూటే పాతది మళ్లీ వేశాను, పరీక్ష కూడా దాని మీదే పెట్టించాను. అత్తమ్మ పాసై, రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే పనిచేసింది. తరవాత నేను రాసిన ఏ సాఫ్ట్‌వేర్ అయినా, మార్చేముందు నేర్చుకునేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోకుండా మార్చలేదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న మంచి అంతా ఆమె పెట్టిన భిక్షే.

ఇప్పుడు మార్పులు చేసేవాళ్లు ఏ మెట్లూ ఎక్కరు, ఎవరి మొహమూ చూడరు, కోట్లమంది ఫోన్లు ఒక్క పూటలో మారిపోతాయి. వాళ్లను తిట్టుకోబోయి ఆగిపోతాను. ఎందుకంటే ఆ శనివారం నాంపల్లికి వెళ్లేముందు నేను కాచిగూడలో మా సాఫ్ట్‌వేరే నేర్చుకుంటున్న ఇంకో ఆఫీసులోనూ అదే ఫ్లాపీ వేసి వచ్చాను. అత్తమ్మ సంగతి తెలిశాక పాతది పట్టుకుని అక్కడికీ పరుగెత్తాను. కంప్యూటర్ నేర్చుకుంటున్న ఒక పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది, సోమవారం వచ్చి మధ్యాహ్నమే వెళ్లిపోయారని, మళ్లీ రాలేదని చెప్పారు. అత్తమ్మ నా మేనత్త కాబట్టి ఆమె కాగితం మా ఇంటికి వచ్చింది. ఆయన ఏం కాగితం రాశారో, ఎవరికి ఇచ్చారో, ఇల్లెక్కడో నేను అడగలేదు. పాత ఫ్లాపీ వేసి, మెట్లు దిగి వచ్చేశాను.