పానా వదిన

మా వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు సరిచేస్తుంది. ముక్కు మీద బరువు తెలియకూడదు, చెవి వెనక ఒరుసుకోకూడదు. ఎదుటి మనిషి "బాగానే ఉందమ్మా, వదిలెయ్" అని మొత్తుకున్నా లాక్కుని మళ్ళీ వంచుతుంది. దుకాణంలో ఆ పిచ్చి చెల్లుతుంది. సైకిలు దగ్గరికొచ్చేసరికి నా ప్రాణాలు తోడేస్తుంది.

నేను స్కూలు బస్సు నడుపుతాను. ఆవిడ మా అన్నయ్యను పెళ్ళాడి వచ్చిన ఏడాదే వదినా ఆడపడుచులం ఇద్దరం కొండ సైకిళ్ళు కొన్నాం. సెలవు దొరికితే ఊరి వెనక కొండ మీదే ఉంటాం. ఎక్కడంలో ఆవిడ ముందు నేను బలాదూర్. దిగడంలోనే తంటా అంతా. దారి చివర ఏటవాలు బండ ఒకటి ఉంది. నేను దాని మీంచి దిగిపోతాను. వదిన మాత్రం అంచుకు రాగానే ఆగి పానా తీస్తుంది. "టైర్లో గాలి ఎక్కువైందే." "ముందు చక్రం షాకులు బిగుసుకుపోయాయే." అదీ ఇదీ తిప్పి తిప్పి, చివరికి సైకిలు నడిపించుకుంటూ పక్కనున్న కాలిబాటన దిగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే భాగోతం! భయమని ఒక్కసారి ఒప్పుకుంటే ఏం పోయింది?

ఇప్పుడా కొండను క్వారీకి ఇచ్చేశారు. ఎవరినడిగి ఇచ్చారో, వాళ్ళ మొహాలు మండ! రేపటినుంచి కొండ దారిలో పెట్టిన గేటుకు తాళం. "ఒక్కసారైనా ఆ బండ దిగకపోతే చచ్చేదాకా కుమిలిపోతానే" అని నిన్న వదినే అంది. అందుకే ఈ సాయంత్రం లాక్కొచ్చాను.

అంచుకు రాగానే ఆగింది.

"సీటు వెంట్రుకవాసి ఎత్తుగా ఉందే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోంచి పానా లాక్కుని బండ కిందికి గిరాటేశాను. అది ఖంగుమంటూ దొర్లిపోయింది.

"నీకేం పోయేకాలం వచ్చిందే! నా పానా!"

కాలిబాట సంగతే ఆవిడకు గుర్తు రాలేదు. తిట్టుకుంటూనే సైకిలెక్కింది, తిట్టుకుంటూనే బండ దిగిపోయింది. వెనకాలే నేనూ దిగాను.

అప్పటికే పానా వెతికి పట్టుకుంది. నా మీదికి రాబోతూ ఆగి, బండవైపు తిరిగి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే వదినా."

ఆవిడ మొహం కందిపోయింది. కళ్ళల్లో నీళ్ళు.

"ఇంతదానికా ఇన్నేళ్ళూ చచ్చాను? ఈ పని మొదటి రోజే ఎందుకు చెయ్యలేదే, దిక్కుమాలినదానా!"

బయటికి రమ్మని గేటు దగ్గర కాపలావాడు ఈల వేశాడు.

"వినబడిందిలే, ఊరుకో!" అని వాడి మీద అరిచింది వదిన. పానా నా చేతిలో కుక్కి, సైకిలు తోసుకుంటూ మళ్ళీ పైకి నడిచింది.