ఖాళీ చూపిస్తేనే కదిలే పంపు

గుండె ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు ఆ గుండె పని చేసే హార్ట్-లంగ్ మెషీన్‌కి భద్రతా ఏర్పాట్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య మా చిన్న కంపెనీ. ఒంట్లోంచి వచ్చిన రక్తం ముందు ఒక ప్లాస్టిక్ డబ్బాలో చేరుతుంది. ఆ డబ్బా ఖాళీ అయితే పంపు మనిషిలోకి గాలి తోస్తుంది. ప్రాణం పోతుంది. అలా జరక్కుండా మట్టం చూసి పంపును ఆపే సెన్సర్ నాది.

ట్రయల్‌కిచ్చిన మెషీన్‌కి దసరాకి ఆసుపత్రి వాళ్ళు పూజ చేసి బొట్లు పెట్టారు. ఒక బొట్టు సరిగ్గా సెన్సర్ గాజు మీద పడింది. డబ్బా గుండా ఆ గాజుకు చేరే వెలుతురు ఆగితే రక్తం ఉన్నట్టు లెక్క. ఆ లెక్క రాసింది నేనే. మర్నాడు రంగునీళ్ళతో పరీక్ష చేస్తుంటే డబ్బా అడుగంటినా పంపు హాయిగా తిరుగుతూనే ఉంది.

బొట్టు పెట్టొద్దని మాన్యువల్‌లో ఒక లైను రాసేద్దామన్నారు మా బాస్. అదీ నన్ను రాయొద్దన్నారు. ఆదివారం చర్చికెళ్ళే మనిషి రాస్తే బాగుండదట. ఒళ్ళు మండింది. బొట్టుతో నాకేం తగువు? చూపు పోయాక కూడా అంతా బాగుందని చెప్పింది నా సెన్సరే.

నెల తిరక్కుండా డిజైన్ మార్చాను. ప్రతి ఆపరేషన్‌కి ముందు ఖాళీ డబ్బాను ఖాళీ అని సెన్సర్ గుర్తించాలి. అప్పుడే పంపు కదులుతుంది. రోజూ ఈ తతంగమేమిటని, దాన్ని దాటేయడానికి ఒక బటన్ పెట్టమని ఆ ఆసుపత్రి సర్జన్ గారు అడిగారు. బాస్ సరేనన్నారు.

"పెట్టనండీ. కావాలంటే నన్ను మార్చుకోండి," అన్నాను.

నిజంగానే మార్చేస్తారేమోనని వారం రోజులు భయపడ్డాను. అయినా పెట్టలేదు.

అనుమతులన్నీ వచ్చి మెషీన్ ఆపరేషన్లలోకి వెళ్ళాక, ఒకరోజు పొద్దున్నే ఆ సర్జన్ గారే ఫోన్ చేశారు. పేషెంట్‌కి మత్తిచ్చేశారట, పంపు మొరాయించిందట. గొంతులో కోపం. సెన్సర్ గాజు చూడమన్నాను. పేషెంట్ పేరు రాసిన ప్లాస్టర్ ముక్కను ఎవరో దాని మీదే అంటించారు. అది తీయగానే పరీక్ష పూర్తయి, పంపు తిరిగింది.



"బటన్ ఉండుంటే నొక్కేసేవాణ్ణమ్మా," అన్నారు.

"తెలుసండీ," అన్నాను.