బుద్రి కోయని చిక్కుడు

కొండ పంటలు చూపిస్తామని వ్యవసాయ శాఖవాళ్లు మా కింద ఊళ్ల రైతులను మన్యంలో హుకుంపేట వైపు బస్సులో తీసుకెళ్లారు. తొలి కాపుకే మంచి ధర అని వాళ్లు పంచిన పుస్తకంలో ఉంది. చదువు ఆలస్యంగా నేర్చినవాణ్ణి, కూడబలుక్కుని చదివాను.

ఒక ఊర్లో బుద్రి అనే ఆమె దడి మీద చిక్కుడు విరగకాసింది. ఈసారి ఆమెకు అమ్ముకోవడానికి ఉన్నది అదొక్కటే. దారిలో కాయలు కొనే షావుకారు వ్యాను ఆపి హారను కొడుతున్నాడు. ఆమె మాత్రం కదలలేదు.

"ఏటమ్మా అలాగ సూస్తన్నావు? బేగి కొయ్యి. ముదిరిపోతే ఎవుడు కొంటాడు?" అంటూ నేనే ఒక కాయ తుంచబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "తుంచకు తాతా. ఇంకా కొత్త అవ్వలేదు."

కొత్త అంటే వాళ్ల పండుగట. ఊరంతా కలిసి దేవతకు పెట్టి తినేదాకా కొత్త పంటను ఎవరూ తినరు, అమ్మరు. పై ఇంటి ముసలమ్మ జ్వరంతో పడుకుని విత్తనం ఆలస్యంగా వేసిందట. ఆమె పాదు కాసేదాకా పండుగను ఆపారు.

"ఒక్క ముసల్దాని కోసం ఊరంతా నష్టపోతారేటి?" అన్నాను.

"అది సూస్తా కూకుంటే మాం తినగలమేటి?" అంది బుద్రి.

వ్యాను ఖాళీగా కొండ దిగిపోయింది. మధ్యాహ్నం ఆమె నాకు రేషన్ బియ్యం అన్నం, చింతపండు పులుసు పెట్టింది. ఆ ముసలమ్మ కూడా వచ్చి మా పక్కన కూర్చుంది.

"మీ ఊర్లో కొత్త అయిపోనాదా బాబూ?" అని నన్ను అడిగింది.

పక్కవాడి కంటే ముందు మార్కెట్‌కు పరిగెత్తడమే నాకు తెలిసిన సేద్యం. ఆమెకూ వడ్డించేదాకా నా ముద్ద కలపకుండా ఆగాను.